మిరప కల్లాల నడుమ ఎర్రగుడ్డ

తొంభైల మొదట్లో నేను సిద్దిపేటలో కాలేజీ లెక్చరర్‌ని. చెప్పేది హిస్టరీ. దానికి తోడు అమ్మాయిల క్యాడెట్ దళానికి అధికారిణిని. ఒక ఫిబ్రవరిలో చిన్నకోడూరు దగ్గర జరిగిన క్యాంపులో మా దళానికి మొదటిసారి యుద్ధాభ్యాసంలో చోటిచ్చారు. అంతకుముందు మా వాళ్లకు దక్కిన పని కట్లు కట్టడం, స్ట్రెచర్ మోయడం. ఈసారి దెబ్బతింటే మళ్లీ కట్ల దగ్గరికే పంపుతానని హైదరాబాద్ నుంచి వచ్చిన కర్నల్ ముందే చెప్పేశారు.

అభ్యాసం విషయం, నేల మీది సైన్యానికి విమానం అండ. ముందుకు పోయిన దళం శత్రువుకు ఎదురుగా చిక్కుకుంటే, విమానం వచ్చి శత్రువును కొట్టి దారి చేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పైలట్‌కు మనవాడూ పగవాడూ ఒకే తీరుగా చీమల్లా కనిపిస్తారు. అందుకని కింది దళం తన ముందు వరుసలో ఒక రంగుగుడ్డ పరిచి, పక్కనే శత్రువు వైపు చూపే బాణం గుర్తు పెడుతుంది. ఆ గుడ్డను ప్యానల్ అంటారు. అది కనబడితే పైలట్ రెక్కలు ఊపి, తర్వాతి చుట్టులో బాంబు వేస్తాడు. రెండు చుట్లలోనూ కనబడకపోతే ఆ దళం చచ్చినట్టే లెక్క. మా బాంబులు ముగ్గుపిండి నింపిన కాగితపు సంచులు. శత్రువులు గుట్ట మీద కూర్చున్న అబ్బాయిల దళం. వాళ్ల అధికారి ఫిజిక్స్ చెప్పే నర్సింలు సార్.

స్థలం చూసి పెట్టింది డిసెంబర్‌లో. అప్పుడు చేలు పచ్చగా ఉన్నాయి. మేం పోయేసరికి ఎటు చూసినా కల్లాల్లో ఎండబోసిన మిరపకాయలే. మాకిచ్చిన ప్యానల్ కూడా ఎరుపే! పొద్దున్నే నర్సింలు సార్‌తో వాదన పెట్టుకున్నాను.

"పుస్తకంల ఎర్రగుడ్డ అనే ఉన్నది మేడమ్. మార్చెతందుకు నేనెవర్ని?"

"పైలట్ పుస్తకం చూస్తడా సార్, కింద చేన్లు చూస్తడా?"

"మీరు హిస్టరీ చెప్పుకోండ్రి."

సొంత ఫిరంగుల కింద సొంత సైనికులు చచ్చిన సంగతులు ఆ హిస్టరీలోనే ఉన్నాయన్నాను. ఆయన మీసం దువ్వుకుని, తిరిగి నా మీదే ఫిర్యాదు చేశారు. టిఫిన్ ప్లేట్లు కడిగిన మా అమ్మాయిలు వాటితో ఎండను అబ్బాయిల కళ్లలోకి కొడుతున్నారట, కవాతు చెడిపోతోందట. ఆ ముఠాకు నాయకురాలు సుగుణ. పిలిచి చీవాట్లు పెట్టాను. ప్లేట్లు వీపు సంచుల్లోకి వెళ్లాయి.

మేం ప్యానల్, బాణం గుర్తు పరిచి పడుకున్న గట్టు పక్క కల్లం మల్లవ్వ అనే రైతుది. ఆమె కర్ర పట్టుకుని వచ్చింది. "బిడ్డా, మీ పిండి నా మిరపకాయల మీద పడ్డదో, ఆ విమానాన్నే కిందికి గుంజుత!" పడదని మాటిచ్చాను. ఇస్తున్నప్పుడు నాకే నమ్మకం లేదు.

రెండు సీట్ల చిన్న విమానం వచ్చింది. మా మీదుగా పోయింది. రెక్కలు ఊపలేదు.

"మేడమ్, గాయన మనల్ని సుత మిరపకాయలే అనుకుంటుండు," అంది సుగుణ పడుకున్నచోటి నుంచే. నవ్వొచ్చింది, భయమూ వేసింది. నవ్వుతున్న ఆ పిల్లను చూడగానే పొద్దున్న నేను పెట్టిన చీవాట్లు గుర్తొచ్చాయి.

"సంచులల్లకెంచి ప్లేట్లు తియ్యిండ్రి! పొద్దున పోరగాండ్లను సతాయించినట్టే ఆకాశాన్ని సతాయించుండ్రి!"

అద్దంతో ఎండను కొట్టి ఉనికి చెప్పడం సైన్యంలో పాత పద్ధతే. దళం దళమంతా వెల్లకిలా తిరిగి ప్లేట్లు పైకి ఎత్తింది. గట్టు పొడవునా స్టీలు తళతళమంది. రెండో చుట్టుకు వచ్చిన విమానం మా మీద ఎడమ రెక్క వంచింది, కుడి రెక్క వంచింది. అమ్మాయిల కేకలకు మల్లవ్వ కోళ్లు చెదిరిపోయాయి.

మూడో చుట్టులో సంచులు బాణం చూపినవైపే, గుట్ట ముందు ఖాళీ జాగలో పడ్డాయి. మిగతా పని గాలి చేసింది. నర్సింలు సార్ గుట్ట దిగి వస్తుంటే మీసం ఏదో, ముఖం ఏదో తెలియలేదు. మల్లవ్వ ఎదురెళ్లింది. "ఏంది సారూ, గోడకు ఎయ్యాల్సిన సున్నం మొకానికి ఏసుకున్నవ్?"

ఆయన పిండి దులుపుకుంటూనే వాదనకు దిగారు. "గా తళతళ శత్రువుకు గూడ కనబడ్తది మేడమ్."

"ప్లేట్లు పైకి, మొగులు దిక్కున్నయి సార్. అయినా శత్రువు మీరే గదా, మీకు కనబడి ఏం జేసిన్రు?"

కర్నల్ నవ్వు ఆపుకుని పైలట్ వైర్‌లెస్‌లో అన్న మాట చెప్పారు: మొదటి చుట్టులో కింద ఎక్కడ చూసినా ప్యానళ్లే కనిపించాయట. మెరుపులు చూశాకే, వాటి పక్కనున్న ఎర్రగుడ్డ కంటబడిందట. మరుసటి ఏడు మా అమ్మాయిలను కట్లు కట్టమని ఎవరూ అడగలేదు. నర్సింలు సార్ క్యాంపుకు ఒకరోజు ముందే వచ్చి చేలన్నీ తిరిగారు. చేతిలో ప్యానల్ గుడ్డ ఉంది.

విమానం బలమెంతో చాలామంది చెబుతారు. నేను నేర్చుకున్నది కింది సంగతి. తానెక్కడున్నాడో కింద ఉన్నవాడు చూపలేకపోతే ఆ బలం వాడికి అక్కరకు రాదు. చూపే గుర్తు పుస్తకంలో ఉన్నదా లేదా అన్నది తర్వాత. ఆ పూట, ఆ నేల మీద, అది ఇంకెక్కడా లేనిదై ఉండాలి.