తుప్పు మాస్టారి ఒక్క చుక్క

మా నతానియేలు మాస్టారికి ఎదుటి మనిషి ముఖం కన్నా వేలు ముందు కనిపిస్తుంది. నమస్కారం పెడితే తిరిగి నమస్కారం పెట్టరు. జోడించిన చేతుల్లోంచి ఉంగరం వేలు ఒకటి ఏరుకుని, చొక్కా జేబులోంచి సూది తీసి, "ఒక్క చుక్క" అంటారు. అందుకే నూజివీడులో ఆయనకి చేతులెత్తి నమస్కరించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. దూరం నుంచే తలాడించి పక్క సందులోకి తిరిగిపోతారు.

మాస్టారు కాలేజీలో ముప్పై ఏళ్ళు బయోకెమిస్ట్రీ చెప్పారు. నాకూ చెప్పారు. యాభై ఒకటో ఏట, మేమంతా నవ్వుకుంటూ ఉండగా, ఆక్సిడేటివ్ స్ట్రెస్ మీద పిహెచ్.డి. పుచ్చుకున్నారు. ఆ మాటకి ఊళ్ళో ఎవరి నోరూ తిరగకపోతే తనే దాన్ని తెలుగు చేసేశారు, తుప్పు అని. "పీల్చే ఆక్సిజనే మనల్ని బతికిస్తుంది, అదే లోపల్లోపల తుప్పూ పట్టిస్తుంది. వదిలించుకునే ఓపిక ఒంటికి ఉన్నంతకాలం బాగానే ఉంటాం. ఓపిక తగ్గి తుప్పు పెరిగిందా, గుండె, కళ్ళు, నరాలు వరసగా మొరాయిస్తాయి" అనేవారు. ఆనాటి నుంచి ఆయన తుప్పు మాస్టారు. ఎవరికైనా చూపించడానికి జేబులో ఎప్పుడూ ఒక తుప్పు మేకు ఉంటుంది. సూదులు వేరే డబ్బాలో ఉంటాయి, ప్రతి వేలికీ కొత్త సూది. ఆ డబ్బా మూత ఊడి మేకూ సూదులూ ఎక్కడ కలిసిపోతాయోనని నాకు మాత్రం ఎప్పుడూ గుండెల్లో దడే.

మేకు అర్థం కానివాళ్ళకి వంకాయ ఉండేది.

"వంకాయ ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో ఎందుకేస్తారమ్మా?"

"నల్లబడకుండానండీ."

"గాలి తగిలి నల్లబడుతుంది. నువ్వూ అంతే. నువ్వూ వంకాయవే."

ఈ మాట ఆయన కూరల కొట్టు నాగమణితో అన్నారు, పర్లేదు. బ్యాంకు మేనేజరుతోనూ అన్నారు. మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, "మీ మాస్టారు నన్ను వంకాయ అన్నారండీ, పైగా రక్తం కూడా తీసుకున్నారు" అని వాపోయాడు.

ఇంతమంది తుప్పు గురించి ఇంత బెంగ పెట్టుకున్న మనిషి స్కూటరు చూడాలి. అందులో ఇనుము ఎంతో, తుప్పు ఎంతో ఆయన కూడా చెప్పలేరు. అది వీధి మలుపు తిరిగే ముందే దాని శబ్దం వచ్చి అందరినీ హెచ్చరించేది. చెవులు మందగించిన వాళ్ళ కోసం 'వేళ్ళు జాగ్రత్త' అని ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉండేది. "మాస్టారు బస్టాండు దగ్గర ఉన్నారు" అని మెసేజ్ వస్తే చాలు, బస్టాండు దగ్గర టీ కొట్లు ఖాళీ.

దొరికినవాడి దగ్గర మాస్టారు పద్ధతి ఒకటే. ముందు "పొద్దున్నుంచి ఏం తిన్నావు, ఎన్నింటికి తిన్నావు?" అని అడుగుతారు. తర్వాత ఒక్క చుక్క. చుట్టూ తెల్ల ప్లాస్టరు చుట్టి, దాని మీద పెన్నుతో 'తుప్పుమీటరు' అని రాసిన చిన్న మిషను ఒకటుంది, దానికి ఆ చుక్క తాగిస్తారు. అంకె ఎవరికీ చూపించరు. పుస్తకంలో ఏదో రాసుకుని తీర్పు చెబుతారు. మూడే తీర్పులు. కొత్త మేకు, గొళ్ళెం, గేటు. గొళ్ళెం తుప్పయితే రోజూ నడవాలి. గేటు తుప్పయితే చీటీ రాసి ఇచ్చి, "పరిశోధనలో రెండో అంకం ఉంది, ఆస్పత్రిలో డాక్టర్ తబితా గారి దగ్గరికి వెళ్ళు" అనేవారు. గేటు తుప్పు వచ్చినవాళ్ళకి ఊళ్ళో అదో హోదా. "మాది గేటండీ" అని చెప్పుకునేవారు.

ఆయనకి ఇంకో చాదస్తం బూట్లు. రోళ్ళు పగిలే ఎండలో కూడా మేజోళ్ళతో సహా బూట్లు వేసుకునే తిరుగుతారు. ఎవరింటికి వెళ్ళినా గడప దాటరు. లోపలికి రమ్మంటే, "బూట్లు విప్పాలి, నాకు బద్ధకం" అని అరుగు మీదే కూర్చుంటారు. ఆదివారం చర్చికి వెళ్ళినా అంతే, లోపలికి వెళ్ళకుండా వరండాలో గుమ్మం పక్కన నిలబడతారు. పాస్టరుగారు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఆరాధన ముగిశాక, "వరండాలో మాస్టారు ఉన్నారు, బైబిళ్ళు రెండు చేతులతోనూ పట్టుకుని వెళ్ళండి" అని ప్రకటించేవారు.

ఇక ఆయన భార్య రిబ్కమ్మగారిని అడిగితే, "పెళ్ళయిన మూడో రోజు చెయ్యి పట్టుకున్నారు బాబూ. ఎంత మురిసిపోయానో! తీరా చూస్తే బ్లడ్ గ్రూపు కోసం" అనేవారు.

మాస్టారికి పేరొచ్చే అవకాశం ఒకసారి రాకపోలేదు. మామిడి తొక్కలోంచి తీసిన సారం గాజు గొట్టంలో కణాల తుప్పుని తగ్గించిందని ఆయన ఒక పత్రికలో రాశారు. వారం తిరక్కుండా జోజిబాబు అనే మందుల పొడుల వ్యాపారి రంగు రంగుల లేబుళ్ళు అచ్చేయించుకుని మరీ దిగాడు. షుగరుకీ, కేన్సరుకీ, మోకాళ్ళకీ అన్నిటికీ ఒకటే పొడి, డబ్బా మీద మాస్టారి ఫొటో.

"గాజు గొట్టంలో పనిచేసింది జోజిబాబూ. నువ్వు గాజు గొట్టానివా?" అన్నారు మాస్టారు.

"కాదండి."

"తుప్పు తగ్గిస్తాయన్న బిళ్ళలు వేలమందికి ఇచ్చి చూశారు. చాలావాటికి గుణం కనపళ్ళేదు. మనిషిలో పనిచేస్తుందని తేలాక రా. నేనుండకపోవచ్చు, తొక్కలు మాత్రం ఉంటాయి. ఈలోగా, వచ్చావు కాబట్టి, ఒక్క చుక్క."

జోజిబాబు లేబుళ్ళు వదిలేసి పారిపోయాడు. రిబ్కమ్మగారు వాటిని పచ్చడి జాడీలకి అంటించుకున్నారు.

ఇప్పుడు మా భాస్కరరావు బాబాయి సంగతి చెప్పాలి. బాబాయిది మామిడి వ్యాపారం. బాబాయి నాలుక మీద ఈ చుట్టుపక్కల ఎంత గురి అంటే, ఉత్తరాది నుంచి వచ్చే కొనుగోలుదార్లు కాయ చూడరు, బాబాయి ముఖం చూస్తారు. బాబాయి ముక్క కోసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటే లారీ నిండినట్టే. సీజన్లో రోజుకి నలభై యాభై ముక్కలు ఆ నోట్లోకి వెళ్ళాల్సిందే.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎవరూ షుగరు పరీక్ష చేయించుకోరు. చేయిస్తే డాక్టరు ఏమంటాడో అందరికీ తెలుసు. రసాలు మాగే రోజుల్లో ఆ మాట ఎవరు వింటారు? "సీజన్ అయ్యాక చూద్దాం" అంటారు, అంతే. బాబాయి అయితే సీజన్ అయ్యాక కూడా చూపించుకోడు. షుగరున్నవాడి నాలుక ఎవరు నమ్ముతారని ఆయన భయం.

గత మే నెలలో బాబాయి కాలికి క్రేటు మేకు గీరుకుంది. పది రోజులైనా మానలేదు. ఇరవై రోజులైంది. గుడ్డ చుట్టుకుని కుంటుతూనే మామిడి యార్డుకి వెళ్ళేవాడు. మా లలిత పిన్ని నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "గుడ్డ విప్పితే వాసనొస్తోందిరా సతీషూ. ఆస్పత్రి అంటే ఇంతెత్తున లేస్తున్నారు" అంది. నాకూ భయమేసింది. వెళ్ళి మాస్టారితో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఇంకెవరూ తట్టలేదు.

ఆ పూట నుంచి మాస్టారు బాబాయి వెంట పడ్డారు. మొదటి రోజు బాబాయి విస్సన్నపేట వెళ్ళాడని గుమస్తా చెప్పాడు. అది చెబుతున్నప్పుడు బాబాయి క్రేట్ల వెనక దగ్గాడు. రెండో రోజు వెనక గేటులోంచి జారుకున్నాడు. మూడో రోజు మాస్టారు స్కూటరు ఇంటి దగ్గరే వదిలేసి, చప్పుడు కాకుండా నడిచి యార్డుకి వచ్చారు. నేనూ వెనకే ఉన్నాను.

బాబాయి నలుగురు కొనుగోలుదార్ల మధ్య, నోట్లో బంగినపల్లి ముక్కతో, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మాస్టారు.

"మీ తుప్పు గోలేంటండీ మాస్టారూ! ముందు మీ స్కూటర్ సంగతి చూస్కోండి!"

"మీ గురించి కాదు భాస్కరరావు గారూ. మీ నాలుక గురించి వచ్చాను. ముప్పై ఏళ్ళు రుచి చూసిన నాలుకకి తుప్పెంతో ఏ సైన్సు పుస్తకంలోనూ లేదు. బాగుంటే జిల్లాలో నంబర్ వన్ నాలుక అని సంతకం పెట్టి ఇస్తాను."

కొనుగోలుదార్లు ఆసక్తిగా చూశారు. బాబాయి మీసం సవరించుకుని, వేలు చాపాడు. ఒక్క చుక్క. మాస్టారు మిషను వైపు చూశారు. ఎప్పుడూ టక్కున తీర్పు చెప్పే మనిషి ఈసారి పుస్తకంలో అంకె రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. తర్వాత యార్డంతా వినపడేలా అన్నారు.

"నాలుక కొత్త మేకండీ! నంబర్ వన్!"

చప్పట్లు. బాబాయి పొంగిపోయాడు. మాస్టారు మాత్రం ఆయన చెవి దగ్గర వంగారు. "నాలుక నుంచి దిగిన తుప్పు కాల్లో చేరింది. ఇలాంటి కేసు ప్రపంచంలో లేదు. తబితా గారు చూసి తీరాలి, ఇప్పుడే."

ప్రపంచంలో లేని కేసు అనేసరికి బాబాయి ఆటో ఎక్కాడు. మాస్టారూ నేనూ చెరో పక్కా ఎక్కాం.

ఆస్పత్రిలో తబితా గారు కట్టు విప్పి చూసి, షుగరు పరీక్ష చేయించి ముఖం చిట్లించారు. "షుగరు నాలుగువందలు దాటింది. ఇంకో వారం ఆగుంటే పాదం తీసేయాల్సొచ్చేది. ఇప్పుడైతే కాపాడొచ్చు. ఈ రోజే అడ్మిట్ అవ్వాలి."

"సీజన్ అయ్యాక..." అన్నాడు బాబాయి, ఇంకా.

నేను కోపంతో ఏదో అనబోతూ టేబుల్ మీద చెయ్యి ఆనించాను. మాస్టారు అక్కడ పెట్టిన తుప్పుమీటరు కిందపడింది. ప్లాస్టరు ఊడింది. తీసి చూస్తే, ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు షుగరు మిషను.

"మాస్టారూ, ఇదా తుప్పుమీటరు?"

"షుగరు పెరిగితే ఒంట్లో తుప్పు పెరుగుతుంది. నేను అబద్ధం ఎక్కడాడానురా? వాక్యంలో మొదటి సగం మింగాను, అంతే. సీజన్లో ఈ ఊళ్ళో షుగరు చూస్తానంటే వేలు ఎవడిస్తాడు?"

తబితా గారు నవ్వారు. "రెండేళ్ళలో మాస్టారి చీటీ పట్టుకుని ముప్పై ఏడు మంది వచ్చారు. వచ్చినవాళ్ళకి ఇక్కడ మళ్ళీ పరీక్ష చేసి, షుగరని తిన్నగా చెప్పేది నేనే. బయట మాత్రం అందరూ గేటనే చెప్పుకుంటారు. ఆ మిషన్లోకి చుక్క వేసే పట్టీలు కూడా ఈయన మైలవరం వెళ్ళి కొనుక్కొస్తారు, ఇక్కడ కొంటే తెలిసిపోతుందని."

బాబాయికి ఇదేమీ పట్టలేదు. మంచం దిగి గుమ్మం వైపు చూస్తున్నాడు. యార్డు, లారీలు, నాలుక, అవే ఆయన కళ్ళల్లో ఉన్నాయి. అప్పుడు మాస్టారు స్టూలు మీద కూర్చుని, ఎవరింట్లోనూ విప్పని బూటు విప్పారు. మేజోడు కూడా తీశారు. ఎడమ పాదానికి బొటనవేలు, దాని పక్క వేలు లేవు.

"పద్నాలుగేళ్ళయింది భాస్కరరావు గారూ. చిన్న పుండు. మీలాగే, సీజన్ అయ్యాక చూపించుకుందాం అనుకున్నాను. షుగరు నరాల్ని ఏం చేస్తుందో క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిన లెక్చరర్ని నేను! సీజన్ అయిపోయింది. ఇవీ అయిపోయాయి."

ఆ బూట్ల మీద మేం ఇన్నేళ్ళూ వేసిన జోకులన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. బాబాయి ఆ పాదం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన పాదం వైపు చూసుకున్నాడు. పెదాలు కదిలించి లెక్కపెట్టుకున్నాడు.

"మీకు ఎనిమిది. నాకు పది," అన్నాడు చివరికి. "ఇందులోనూ జిల్లాలో నంబర్ వన్ నేనేనన్నమాట."

"ఉండాలంటే పడుకోండి," అన్నారు మాస్టారు.

బాబాయి పడుకున్నాడు. పాదం దక్కింది. పది వేళ్ళూ దక్కాయి. ఈ సీజన్లో ఆయన ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, రసం గొంతు దిగకుండా పక్కనున్న తొట్టిలో ఉమ్మేస్తున్నాడు. రుచి చూడ్డంలో ఇది కొత్త పద్ధతి కాబోలని కొనుగోలుదార్లకి గౌరవం ఇంకా పెరిగింది. గోడకి మాస్టారి సంతకంతో నాలుక సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పెట్టాడు. యార్డుకి ఎవరొచ్చినా చెయ్యి గట్టిగా పట్టుకుని వదలడు. "మాస్టారూ, దొరికాడు, రండి!" అని కేకేస్తాడు. 'వేళ్ళు జాగ్రత్త' గ్రూపుకి ఇప్పుడు ఆయనే అడ్మిన్. మాస్టారు బస్టాండు దగ్గరుంటే, యార్డు దగ్గరున్నారని మెసేజ్ పెడతాడు.

మాస్టారు ఇప్పుడు మా ఇంటికొస్తే గడప దాటుతున్నారు. బూట్లు విప్పరు. మా ఆవిడ విప్పమనదు, వెనకాలే గుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ వస్తుంది. నిన్న వచ్చి కుర్చీలో కూర్చుని, నా వేలు వైపు చూశారు.

"ఇన్నేళ్ళలో నువ్వొక్కసారీ ఇవ్వలేదురా సతీష్."

"మాస్టారూ, పొద్దున్నే నాలుగు రసాలు తిన్నాను. సీజన్..." అని నోరు జారి, ఆయన బూటు వైపు చూసి, వేలు చాపాను.

గొళ్ళెం అన్నారు. రేపటి నుంచి నడవాలి. చదివారు కాబట్టి ఒక్క మాట. తుప్పుమీటరు రహస్యం మీ కడుపులోనే ఉంచుకోండి. రసాలు ఇంకా అయిపోలేదు, ఊళ్ళో సగం వేళ్ళు మిగిలే ఉన్నాయి.