పెదవి మీద తాత మచ్చలు

మా నాయనకు కింది పెదవి మీద చిన్న చిన్న నల్లమచ్చలు ఉండేవి. నాకూ ఉన్నాయి. ఆయన పోయిన తర్వాత మా పాపకూ అవే మచ్చలు వచ్చేసరికి, మా అమ్మ బంగారుపాళ్యంలో వీధంతా పొంగలి పంచింది. "మా ఆయన మళ్లీ వచ్చినాడు" అని ఒకటే సంబరం.

ఈ రోజు కడుపునొప్పి పరీక్షల రిపోర్టు కోసం తిరుపతి వెళ్లాను. నా పేగుల్లో గడ్డలున్నాయట. డాక్టరు ఆ మాట చెప్పి, నా పెదవి వైపే చూశాడు.

"ఈ మచ్చలు మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండాయా?"

"మా నాయనకి ఉండె సార్. ఇప్పుడు మా పాపకి ఉండాయి. అది మా ఇంటి గుర్తు" అన్నాను, కాస్త గర్వంగానే.

"నాయన ఎట్ల పోయినాడు?"

"పేగులో గడ్డ..." అంటూనే పెదవి తడుముకున్నాను.

"మచ్చలూ గడ్డలూ ఒకే జబ్బప్పా. వంశంలో వస్తాది. పాపను కూడా పిలుచుకోని రా. ముందునించీ చూపించుకుంటా ఉంటే కాపాడుకోవచ్చు."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కొంగు తడిపి పెదవి తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఉంది.

"ఎంత రుద్దినా పోదు అవ్వా" అని నవ్వింది పాప. "తాత ఇచ్చింది కదా!"

మిద్దె మీదికి వచ్చేసి ఇది రాస్తున్నాను. మీ పిల్లలకు తాతల నుంచి ఏం వచ్చిందో చెప్పండి. ముక్కో, కోపమో, గురకో, ఏదైనా సరే. ఈ సాయంత్రం నాకు అలాంటివే వినాలని ఉంది.