అద్దం మీద తువ్వాలు

పోయిన గురువారం పొద్దున, స్కూల్లో ఫస్ట్ బెల్ కొట్టకముందే, మా అత్తగారు ఉయ్యూరు నుంచి ఫోన్ చేశారు. “పార్లర్ ఆవిడ పోయిందే. తెల్లారుజామున, ఆస్పత్రిలోనే అంట. పాపం, మంచి మనిషి. నీ విషయంలో తప్ప ఇంకెవరి దగ్గరా మాట పడలేదు.”

ఆ “తప్ప” దగ్గర నా చెవి ఆగిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఆవిడ పేరెత్తినప్పుడల్లా మా అత్తగారి నోట ఆ మాట వస్తూనే ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను. తీసేయాల్సింది కూడా నేనే. తీయకుండా ఇన్నేళ్ళూ ఉద్యోగం చేసుకున్నాను, పిల్లని పెంచుకున్నాను, క్లాసులో పిల్లలకి నిజాయితీ మీద వ్యాసాలు కూడా రాయించాను. ఈ సిగ్గుమాలిన సంగతి చెప్పకుండా ఆవిడ గురించి మంచిగా నాలుగు మాటలు రాద్దామని రెండు రాత్రులు కూర్చున్నాను. ఒక్క మాటా రాలేదు.

మా అత్తగారి వీధిలోనే, నాలుగిళ్ళ అవతల, ఆవిడ ఇంటి ముందుగదే పార్లరు. ఒక కుర్చీ, ఒక పెద్ద అద్దం, ఒక బల్ల, గోడకి చర్చి వాళ్ళిచ్చిన వాక్యాల క్యాలెండరు. భర్త చిన్నవయసులోనే పోతే ఒక్కగానొక్క కూతురితో ఆ గది మీదే బతికారు. నెలకోసారి గుడ్డసంచీ పట్టుకుని బస్సెక్కి విజయవాడ వన్ టౌన్ వెళ్ళి క్రీములూ, దారం ఉండలూ తెచ్చుకునేవారు. వీధి మొత్తానికి ఆవిడ పార్లర్ ఆంటీ. మా అత్తగారికి మాత్రం “పార్లర్ ఆవిడ”.

మనిషి మీద చెయ్యి వేసేముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబరుచుకోవడం ఆవిడ అలవాటు. మొదటిసారి వచ్చినవాళ్ళు ముడుచుకుపోయి కూర్చుంటే, అద్దం మీద తువ్వాలు కప్పేసేవారు. “ఇప్పుడది నిన్ను చూడదులే. నేను చూస్తాను గానీ, గుర్తుపెట్టుకోను” అనేవారు. ఇంకో అలవాటు ఎవరికీ తెలీదని ఆవిడ అనుకునేవారు. రోజూ తలుపు తీయకముందే కిటికీ దగ్గర చేతి అద్దం పెట్టుకుని, గడ్డం మీద వెంట్రుకలు ఒక్కొక్కటే పీకేసుకునేవారు. ఓ రోజు తొందరపడి ముందే వెళ్ళి చూసేశాను. ఆవిడ పకపకా నవ్వి, “ఊళ్ళో అందరి గడ్డాలూ నున్నగా చేసేదాన్ని, నాకే గడ్డముంటే బేరం సాగుద్దా?” అన్నారు.

నా తొలికాన్పు సమయానికి మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని పుట్టింటికి పామర్రు వెళ్ళకుండా అత్తగారింట్లోనే ఉండిపోయాను. ఆరో నెల దాటాక నా పొట్ట కింద ఏముందో నాకు కనబడటం మానేసింది. కనబడినంతవరకు చూస్తేనే బెంగగా ఉండేది. బొడ్డు మీదుగా కిందికి ఒక నల్లటి గీత, దాని పొడుగునా నూగు. గడ్డం కింద కూడా నాలుగు మొలిచాయి. ఇవి చాలవన్నట్టు, అప్పటికే ఇద్దర్ని కన్న మా పెదనాన్న కూతురు ఫోన్ చేసి, “ముందే శుభ్రం చేసుకుని వెళ్ళు. లేకపోతే నర్సులు నీ ముందే మొహమొహాలు చూసుకుంటారు” అని నా చెవిలో వేసింది. నొప్పుల గురించి ఒక్క రోజూ భయపడలేదు నేను. నర్సుల మొహాల గురించి మాత్రం నిద్ర మానేశాను.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళ చూసుకుని ఆంటీ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడే అర్థం చేసుకుని, తలుపు గడియ పెట్టి, అద్దం మీద తువ్వాలు కప్పారు. నేను గొణిగింది మొత్తం విన్నారు.

“అది నేను చెయ్యనమ్మా” అన్నారు. “నెలలు నిండిన ఒళ్ళు. సన్న గాటు పడినా చీము పట్టుద్ది. అసలు తియ్యాల్సిన పనే లేదు. కావాలంటే ఆస్పత్రిలో వాళ్ళే కాస్త కత్తిరిస్తారు.”

“నర్సులు ఏమనుకుంటారో ఆంటీ.”

“ఏమనుకుంటారు? ఒంటి మీద వెంట్రుక ఒంటిదే కదా. పక్కింట్లోంచి ఎత్తుకొచ్చామా?”

నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడావిడ కింద కూర్చుని, నా చేతికి అందక రెండు నెలలుగా పెరిగిపోయిన కాలిగోళ్ళు తీశారు. గడ్డం కింద ఆ నాలుగూ దారంతో లాగేశారు. పంపించేటప్పుడు, “ఇంట్లో నువ్వేం పెట్టుకోమాక” అని రెండుసార్లు చెప్పారు.

మర్నాడే పెట్టుకున్నాను.

భార్య కడుపుతో ఉంటే భర్త గడ్డం గీసుకోకూడదని మా అత్తగారి పట్టింపు. ఆరో నెల రాగానే అత్తగారే మా ఆయన రేజర్‌ని తీసి బాత్రూమ్ కిటికీ గూట్లో పెట్టేసి, “పురుడయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు” అని ఇల్లంతటికీ చెప్పారు. మా ఆయన పెద్ద గడ్డంతో తిరుగుతుంటే, ఆ రేజర్ మూడు నెలలుగా తడిలో నానుతూ కూర్చుంది. ఆ రోజు స్నానానికని వెళ్ళి దాన్ని దించాను. ఒక చేత్తో చిన్న అద్దం, ఒక చేత్తో రేజర్, మధ్యలో నా పొట్ట. ఎక్కడ గీస్తున్నానో తెలియలేదు. మండింది. కాస్త రక్తం కనబడితే నీళ్ళు పోసుకుని, రేజర్ కడిగి, ఎలా ఉన్నదాన్ని అలాగే గూట్లో పెట్టేశాను.

నాలుగో రోజుకి సెగ్గడ్డ లేచింది. ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నాను. కూర్చోలేకపోయినప్పుడు నడుము నొప్పి అన్నాను. జ్వరం వచ్చేసరికి విజయవాడ తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చూసి, కోసి చీము తీయాలన్నారు. “బిడ్డకి కూడా ప్రమాదమమ్మా ఇది. ఎవరు గీశారు ఇలాగ? అసలు గీయమని ఎవరు చెప్పారు?” అని గట్టిగా అడిగారు.

పక్కనే మా అత్తగారు నిలబడి ఉన్నారు. గూట్లో రేజర్ నా కళ్ళముందు కనబడింది.

“పార్లర్‌లో” అన్నాను.

ఒక్క మాట. ఆలోచించుకుని కూడా అనలేదు. కానీ ఆ తర్వాత ఆలోచించుకోవడానికి బోలెడంత సమయం దొరికింది. కోత మానింది. పది రోజులకి పాప పుట్టింది, చక్కగా ఉంది. కాన్పుగదిలో ఏ నర్సూ ఎవరి మొహమూ చూసుకోలేదు. వాళ్ళ పనిలో వాళ్ళున్నారు.

ఇంటికొచ్చిన వారానికి ఆంటీ పాపని చూడ్డానికి వచ్చారు. మా అత్తగారు గేటు తీయలేదు. నేను గదిలో పాపకి పాలిస్తూ ప్రతి మాటా విన్నాను. “ఏ మొహం పెట్టుకుని వచ్చావు? తుప్పు బ్లేడుతో రెండు ప్రాణాల మీదికి తెచ్చావు కదా!” వీధి వీధంతా వినబడేలా అరిచారు. ఆంటీ “నేను కాదండీ” అంటారని బిగుసుకుని కూర్చున్నాను. అంటే నా పని అయిపోయేది.

“పొరపాటైందండీ” అన్నారు ఆంటీ. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైపోయింది.

నేను లేవలేదు. పాప పాలు తాగుతోంది కదా, ఎలా లేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను.

నెల తిరక్కుండా పార్లరు తలుపుకి ఒక అట్ట వేలాడింది. ‘గర్భిణీ స్త్రీలకు చేయబడదు’ అని. చూసినవాళ్ళంతా తప్పు ఒప్పుకున్నట్టే కదా అన్నారు. అంతకుముందు సీమంతాలకీ, పురుళ్ళకీ ముందు ఆవిణ్ణే పిలిచేవారు. అందరూ మానేశారు. నేను ఉయ్యూరు వెళ్ళినప్పుడల్లా ఆ అట్ట చూడకుండా వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి బస్టాండుకి వెళ్ళడం నేర్చుకున్నాను.

అలా వెళ్తూ ఒకసారి బస్టాండులోనే ఆంటీకి ఎదురుపడ్డాను. మా పాపకి అప్పుడు ఐదేళ్ళు. ఆవిడ చేతిలో వన్ టౌన్ సంచీ. “ఆంటీ, ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేశారు.

“పచ్చి బాలింతవి. ఆ ఇంట్లో ఉండాల్సినదానివి. నాదేముంది, గేటు బయట మనిషిని, నడిచెళ్ళిపోయాను. బస్సొచ్చింది, ఎక్కు. పిల్ల చెయ్యి పట్టుకో.”

ఎక్కేశాను. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదని ఆవిడే అన్నట్టు తీసుకున్నాను ఆ మాటల్ని. ఎంత హాయిగా ఉందో ఆ రోజు. ఆ హాయి గుర్తొస్తేనే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

గురువారం మధ్యాహ్నానికి ఉయ్యూరు చేరాను. ఇంట్లో పెద్ద గది పార్లరే కాబట్టి ఆవిణ్ణి అక్కడే, బల్ల మీద పడుకోబెట్టారు. స్నానం చేయించి తెల్లచీర కట్టారు. కూతురు నన్ను చూసి దగ్గరికొచ్చింది.

“అమ్మ గడ్డం చూడండి అక్కా. మూడు నెలలు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ ఎవరం పట్టించుకోలేదు. అమ్మ ఎప్పుడూ ఇలా ఎవరికీ కనబడలేదు. నేను తీద్దామంటే నా వల్ల కావట్లేదు.”

ఏడెనిమిది తెల్ల వెంట్రుకలు, చుట్టలు తిరిగి ఉన్నాయి. నేను తీస్తానన్నాను. కూతురు చిన్న కత్తెర ఇచ్చింది. ముందు అద్దం మీద తువ్వాలు కప్పాను. చేతులు రుద్దుకున్నాను. చల్లగా ఉన్న ఆ గడ్డం పట్టుకుని, ఎక్కడా గీరుకోకుండా ఒక్కొక్కటీ కత్తిరించాను.

అప్పుడే మా అత్తగారు దండ పట్టుకుని లోపలికి వచ్చారు. దండ వేసి, పక్కనున్నావిడతో మెల్లగా, “ఎంత శుభ్రమైన చెయ్యో. మా కోడలి విషయంలో తప్ప...” అన్నారు.

“ఆంటీ చెయ్యలేదు అత్తయ్యగారూ” అన్నాను. కత్తెర ఇంకా నా చేతిలోనే ఉంది. “ఆవిడ వద్దన్నారు. మీరు గూట్లో పెట్టిన రేజర్‌తో నేనే గీసుకున్నాను. డాక్టరుతో అబద్ధం చెప్పాను.”

మా అత్తగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

కూతురు నా వైపు చూసింది. “తలుపుకున్న అట్ట నేనే రాశాను అక్కా. తొమ్మిదో క్లాసప్పుడు. నా దస్తూరీ బాగుంటుందని అమ్మ నాతోనే రాయించింది” అంది.

మా అత్తగారు బల్ల అంచు పట్టుకుని మెల్లగా వంగారు. డెబ్బై దాటిన మనిషి. ఆంటీ చెవి దగ్గర మొహం పెట్టి, “పొరపాటైందమ్మా” అన్నారు.

ఆ మాట నాది. నేను అనేలోపే పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన అవగానే చర్చి వాళ్ళు నలుగురు వచ్చి, ఆవిణ్ణి శవపెట్టెలోకి చేర్చి ఎత్తారు. అందరూ వెనకాలే బయటికి నడిచారు. జనం రాపిడికి తువ్వాలు జారి కింద పడింది. తీసి మళ్ళీ కప్పుదామని వంగి లేచాను. అద్దంలో నేనొక్కదాన్నే ఉన్నాను.