చామంతికి చీకటి కావాలట

మా ఇంటామె రూతమ్మ మంచం పట్టింది. ఈ చలికాలం దాటడం కష్టమన్నారు డాక్టర్లు. ఒక్కసారి చామంతి పూస్తుంటే చూడాలని ఆమె కోరిక. మా గదిలోకి ఎండ రాదు. అందుకని మొక్కలకు పెట్టే ఊదారంగు లైటు కొని, చామంతి కుండీ దాని కింద, ఆమె పక్కనే పెట్టాను. రాత్రిళ్లు కూడా ఆర్పలేదు. మొక్క గుబురుగా పెరిగింది గానీ మొగ్గ వేయలేదు.

ఈ రోజు కుండీ పట్టుకుని మొయినాబాద్ నర్సరీకి వెళ్లాను. లైటు సంగతి చెబితే నర్సరీ ఆయన పడీపడీ నవ్వాడు.

"రాత్రి చీకటుంటేనే చామంతి మొగ్గేస్తది తాతా. పెండ్లిళ్ల సీజన్ దాకా పూలు ఆగాలంటే మేం తోటల రాత్రిపూట లైట్లేస్తం. నువ్వు పైసలు పెట్టి మరీ ఆపుకున్నవ్!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

"ఇయ్యాల్టి నుంచి చీకట్ల పెడితే?" అని అడిగాను.

"ఎండలు ముదిరినంక పూస్తది."

ఇంటికొచ్చి రూతమ్మకు అంతా చెప్పాను.

"నీతోని కాపురంల నేనే కంటినిండ నిద్రపోలే. ఇగ అదెట్ల పోతది?" అన్నది.

"మరి లైటు ఆర్పనా?"

"ఆర్పు. పూసినంక నా సమాధి మీద పెట్టొచ్చు."

పొద్దుగూకింది. స్విచ్ పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. మీరైతే ఆర్పుతారా?