తప్పకుండా పెద్దమ్మ

ఆ హోటల్లో చేరినవాళ్లకి మొదట నేర్పేది దుప్పటి పరవడం కాదు, ఒక మాట మింగేయడం. ‘కుదరదు’ అన్నది అతిథి చెవిన పడకూడదు. ఆకాశంలో చుక్కలు కోసుకురమ్మన్నా నవ్వి ‘తప్పకుండా అండి’ అనాల్సిందే. పనివాళ్ల గది నేల కింద, బట్టలుతికే యంత్రాల పక్కన ఉండేది. దానికి కిటికీ లేదు. ఉన్న ఒక్క అద్దం మీద ‘నవ్వి బయటికి వెళ్లు’ అని రాసిపెట్టారు.

ఇప్పుడు అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ చిన్నప్పుడే అక్కడ గదులు తుడిచే పనికి కుదిరింది. ‘తప్పకుండా’ అన్న మాట నాలుకకి ఎంతగా అంటుకుపోయిందంటే, బజారులో చెప్పులవాడు ‘ఈ జతే తీసుకోండమ్మా’ అన్నా ‘తప్పకుండా అండి’ అనేసింది. అవి కాలికి పట్టలేదు. పాపం, అరిగిపోయేదాకా కుంటుతూనే నడిచింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఒకరోజు తమ్ముడు హోటల్‌కి ఫోన్ చేశాడు. “అక్కా, అమ్మకి బాగా లేదు, నీకోసమే చూస్తోంది. వెంటనే బయల్దేరు.” ఫోన్ పెట్టేసి సంచీ తీసుకునేసరికి మేనేజరు ఎదురొచ్చాడు.

“బస్సు నిండా జనం దిగారమ్మాయ్. ఈ పూట కూడా ఉండిపోతావా?”

“తప్పకుండా అండి,” అంది.

అన్న మాట వెనక్కి తీసుకోవచ్చుగా అంటారేమో. అనండి, మీకేం! ఆవిడ మాత్రం పై అంతస్తుకెళ్లి, ఏడుస్తూనే దిండ్లకి గలీబులు తొడిగింది. ఇంటికి చేరేసరికి అమ్మ లేదు. “నువ్వు ఆ హోటల్‌కే కూతురివి,” అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు.

ఆ దుఃఖంలోంచి పుట్టిందే ఇవాళ అందరూ ‘ట్రస్టు’ అంటున్న ఆ రెండు గదుల సంసారం. ఆవిడలాగే హోటల్ మానేసిన వంట మాస్టారు ఆవిడకి అన్నలా తోడయ్యాడు. ఒక లాండ్రీ కొట్టు వెనక వాటా అద్దెకి తీసుకున్నారు. వడ్డించేవాళ్లు, గదులు సర్దేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, అందరూ చిన్న వయసులోనే ఇల్లు వదిలొచ్చిన పిల్లలే. పని దిగాక అక్కడికొచ్చి బూట్లు విప్పి కాళ్లు చాపుకునేవాళ్లు. అక్కడ నవ్వక్కర్లేదు. ఒంట్లో బాగోకపోతే పడుకోడానికి మంచం ఉండేది, జీతం ఎగ్గొడితే వెంట వెళ్లి అడగడానికి మనుషులుండేవారు.

రోజూ ఉదయం సాధన. మాస్టారు మేనేజరులా మొహం మాడ్చుకుని, “ఏయ్, ఇంకో పూట చెయ్యి!” అని గద్దిస్తాడు. పిల్లలు “కుదరదండీ” అనాలి. సగం మంది నాలుక కరుచుకునేవాళ్లు. వాళ్లలో అందరూ గుసగుస అని పిలిచే పిల్ల మరీను. వడ్డన పనిలో గొంతు తగ్గించీ తగ్గించీ, ఆ పిల్ల మాట ఎదురుగా నిలబడ్డా వినపడేది కాదు. పెద్దమ్మ మాత్రం వరుసలో ఎప్పుడూ నిలబడలేదు. నేర్పించేదాన్ని, నాకెందుకులే అని తప్పించుకునేది.

ఈమధ్య వాటా ఖాళీ చెయ్యమన్నారు. వేరే చోటు దొరకలేదు. పిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడకి తిండి సయించలేదు. సరిగ్గా అప్పుడే హోటల్ ఓనరు స్వయంగా దిగాడు.

“మా కింది గది మీకే ఇచ్చేస్తానమ్మా. అద్దె వద్దు. రద్దీ రోజుల్లో పిల్లలు కాస్త పైకొచ్చి చెయ్యి వేస్తే చాలు. ఏమంటారు?”

కింది గది అనగానే ఆవిడకి ఆ అద్దం కళ్లముందు ఆడింది. అక్కడ అడుగుపెడితే పిల్లలకి విశ్రాంతి ఉండదు, పిలుపే ఉంటుంది. కాదంటే వీధి. అయినా కాదనాలి. ఆ సంగతి ఆవిడకి స్పష్టంగా తెలుసు. పిల్లలంతా ఆవిడ నోటికేసి చూస్తున్నారు.

“తప్పకుండా అండి,” అంది పెద్దమ్మ. పైగా నవ్వింది.

మాస్టారు తల దించుకున్నాడు.

“కుదరదు పెద్దమ్మా.”

గుసగుస నిలబడి ఉంది. గొంతు వణుకుతోంది గానీ ప్రతి అక్షరం వినపడింది. “మేం అక్కడికి రాం. వీధిలో ఉన్నా సరే.”

ఓనరు నోరు తెరిచాడు. పెద్దమ్మకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి, అదే క్షణంలో సంతోషంతో కళ్లు నిండాయి.

“విన్నారుగా అండీ,” అంది అతనితో.

అతను వెళ్లిపోయాడు. వాటా గడువు మాత్రం అలాగే ఉంది.

మర్నాడు ఉదయం సాధనకి పెద్దమ్మ వచ్చి పిల్లల వరుసలో, గుసగుస పక్కన నిలబడింది. మాస్టారు ఆవిడ దగ్గరకొచ్చి మొహం మాడ్చుకున్నాడు.

“ఏమ్మాయ్, ఈ పూట కూడా ఉండిపోతావా?”

ఆవిడ పిడికిళ్లు బిగించి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

“తప్పకుండా అండి.”

ఎవరూ నవ్వలేదు. గుసగుస ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“మళ్లీ చెప్పు చెల్లెమ్మా,” అన్నాడు మాస్టారు.