రుమాలుకు మైనం

కొవ్వొత్తుల దుకాణంలో తేనెమైనం వాసన తగిలితే నాకు తార్నాక గుర్తొస్తుంది.

నాన్న చనిపోయిన ఏడాది మేమింకా అక్కడి యూనివర్సిటీ క్వార్టర్స్‌లోనే ఉన్నాం. అమ్మ ఏడవడం లేదని పక్కింటి సుగుణ ఆంటీకి బెంగ పట్టుకుంది. అమ్మకు మందుగా, గుడ్డ మీద మైనంతో పువ్వులేసి రంగులో ముంచే బాతిక్ నేర్పడానికి వచ్చారు. చిన్న తెల్లగుడ్డ కావాలంటే అమ్మ నాన్న చేతిరుమాలు తెచ్చింది. దానికింకా నశ్యం వాసన ఉంది.

"నీలిమందుల ముంచితే ఇది ఏమైతది ఆంటీ?" అన్నాను.

"మైనం పెట్టిన కాడ రంగెక్కదు బిడ్డ. ఎట్లున్నది అట్లనే ఉంటది."

ఇంత మంచి ఉపాయం ఉండగా నాన్న విషయంలో ఎవరికీ తట్టకపోవడం నాకు వింతగా తోచింది. వాళ్లు టీకి లేవగానే కుంచెతో రుమాలంతా, రెండు పక్కలా, మైనం పూశాను. ఇక నశ్యం వాసన ఎక్కడికీ పోదు.

నీలిమందులోంచి రుమాలు దాదాపు తెల్లగానే వచ్చింది.

"ఇదేం డిజైన్ బిడ్డ, పువ్వే లేదు?" అన్నారు ఆంటీ.

చివరికి మైనాన్ని మరిగే నీళ్లలో కరిగించి తీసేస్తారని నాకెవరూ చెప్పలేదు. ఆంటీ రుమాలును గిన్నెలో వేసేశారు.

ఆరాక అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తేనె వాసనొస్తున్నది," అని మడిచి పెట్టెలో పెట్టింది.

ఆ ఏడాది నాన్న గురించి అమ్మ అన్న మాట అదొక్కటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.