జానెడు మడత

అంగుళాల బాబాయంత మొండిమనిషి ఈ వీధిలో ఇంకొకడు లేడు. ఉంటే వీధి తట్టుకునేది కాదు కూడా. చిన్న సరుకు బళ్లకి వెనక బాడీలు కట్టడం ఆయన పని. కంపెనీ నుంచి కేబినూ, చక్రాలూ, అడుగున ఇనప చట్రమూ వస్తాయి. ఆ చట్రం మీద రేకులు కోసి, వంచి, అతికి, సరుకు నింపుకునే బాడీ తయారుచేసేది ఈయన. ముప్ఫై నాలుగేళ్లుగా అదే షెడ్డు, అదే వెల్డింగు మిషను, అదే కొలతల టేపు. ఆ టేపుకి మొదటి మూడంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి. కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే కళ్లెర్రజేస్తాడు. ప్రతి కొలతలోంచీ మూడు తీసేసి చెప్తాడు, ఒక్కసారీ తప్పలేదు. ఆ పేరు అలా వచ్చిందే.

షెడ్డు ముందు భాగంలో, షట్టరు పక్కనే, ఆయన భార్య కుట్టుమిషను. పిల్లల గౌన్లు, పెద్దవాళ్ల చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. వీధంతా ఆవిణ్ణి పిన్ని అంటుంది. కట్టిన ప్రతి బాడీకీ వెనక తలుపు మీద బాబాయి తన షెడ్డు పేరున్న చిన్న రేకు బిళ్ల బిగిస్తాడు. కుట్టిన ప్రతి బట్టకీ మెడ లోపల పిన్ని ఎర్ర దారంతో చిన్న కత్తెర బొమ్మ కుడుతుంది. ఇటు మిషను టకటక, అటు సుత్తి దడదడ, మధ్యలో ఇద్దరి మాటలు. మాటలంటే ఏముంది, పోట్లాటే. అది వినపడని రోజున ఎవరికో ఒకరికి ఒంట్లో బాగోలేదని వీధికి అర్థమైపోతుంది.

అలాంటి బాబాయికి కరెంటు బండి జబ్బు పట్టుకుంది.

బ్యాటరీతో నడిచే పికప్ బండి రాబోతోందని ఎదురు టీకొట్టులో కబురు పుట్టింది. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు. దానికి ముందు గ్రిల్లే ఉండదట.

"గ్రిల్లు లేకపోతే అది మొహమా, గోడా?" అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు.

ఒక్క ఛార్జికి మూడొందల కిలోమీటర్లు పోతుందని పాలవ్యాను డ్రైవరు బల్లగుద్ది చెప్పాడు.

"ఖాళీగానా, లోడుతోనా?"

"ఖాళీగా."

"ఖాళీగా పోవడానికి బండెందుకు నాయనా, బస్సెక్కి పో" అన్నాడు టీకొట్టాయన.

అందరూ పగలబడి నవ్వారు, బాబాయి తప్ప. ఎందుకంటే అంతకుముందే ఎవరో ఇంకో మాట కూడా అన్నారు. కొత్త బండికి కేబినూ వెనక బాడీ ఒకే ముక్కగా వస్తాయట. ఇక బాడీలు కట్టేవాళ్లతో పనే ఉండదట. బాబాయి సగం టీ వదిలేసి షెడ్డుకొచ్చి, సుత్తి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. పిన్ని మిషను ఆపింది. ఇన్నేళ్లలో ఆయన చేతిలో సుత్తి కదలకుండా ఉండటం ఆవిడ చూడలేదు. నిజంగానే భయమేసింది.

"ఏమండీ, ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నాతో పనిలేదంటోందే."

"ఎవరు?"

"ఇంకా పుట్టని బండి."

రెండు నెలల తర్వాత ప్రాణం లేచొచ్చే కబురు తెచ్చింది మొక్కలమ్మాయి. వీధి చివర నర్సరీ ఆమెదే. ఆమె పాత డీజిలు బండి ఎంత పొగ వదిలేదంటే, దాని వెనక సైకిలు తొక్కినవాడు ఇంటికెళ్లి మళ్లీ స్నానం చేయాల్సిందే.

"బాబాయ్, ఆ కరెంటు బండిని బాడీ లేకుండా కూడా ఇస్తారట. నేను అదే బుక్ చేశాను. కంపెనీ బాడీకి లోతు చాలదు, నా మొక్కలు విరిగిపోతాయి. మీరే కట్టాలి. కానీ ఒక తిరకాసుంది."

"చెప్పమ్మాయ్."

"బండి వచ్చే నెల మూడో గురువారం వస్తుంది. ఆ శనివారం పొద్దున్నే కొండమీది ఊళ్లో కొత్త పార్కుకి తొమ్మిదొందల మొక్కలు చేర్చాలి. ఆ టైముకి మీ బాడీ లేకపోతే కంపెనీదే బిగించుకుంటాను. ఏమీ అనుకోవద్దు బాబాయ్."

బాడీకి ఇరవై రోజులు పడుతుంది. అంటే బండి రాకముందే కట్టి ఉంచాలి. కొలతలు అడగబోతే షోరూమువాళ్లు "విడుదల రోజునే చెప్తాం సార్" అని నవ్వి పంపేశారు. అదొక్కటేనా! ఆమె వెనక ఇంకో ఎనిమిదిమంది అదే బండి బుక్ చేసుకుని, ఆమె ఏ బాడీ పెట్టించుకుంటుందా అని చూస్తున్నారు. ఆమె కంపెనీ బాడీ పెట్టించుకుంటే వాళ్లూ అంతే. అప్పుడిక షెడ్డుకి షట్టరు దించేయడమే.

పాలవ్యాను డ్రైవరు ఫోనులో రెండు ఫొటోలు దొరికాయి. పరీక్షకి తిప్పుతున్న బండి, ఒళ్లంతా నలుపు తెలుపు గళ్ల స్టిక్కరు. వెనక నుంచి తీసిన ఫొటోలో నంబరు ప్లేటు కనిపిస్తోంది. ప్లేటు ఎంతుంటుందో బాబాయికి కంఠతా వచ్చు కాబట్టి వెడల్పు ఇట్టే తేలిపోయింది. పక్క నుంచి తీసిన దాంట్లో ప్లేటు లేదు. బండి పక్కన ఒకతను సీసా ఎత్తి మంచినీళ్లు తాగుతున్నాడు.

"మనిషున్నాడు, చాలు" అన్నాడు బాబాయి. "మగాడంటే సగటున అయిదడుగుల ఆరంగుళాలు."

ఫొటోని పెద్దది చేయించి గోడకి అంటించి, ఆ మనిషితో బండిని కొలిచి, చట్రం పొడవు ఏడడుగులని తేల్చేశాడు. పిన్ని పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని అంతా చూసింది. తర్వాత సూదులు తీసి అడిగింది.

"ఈయన పొడుగాయనైతే?"

"కాదే."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. సగటు."

"సగటు మనిషెవరూ నా దగ్గరికి చొక్కా కుట్టించుకోవడానికి రాలేదండీ ఇంతవరకూ. మనిషి ఎదురుగా లేకుండా కొలతలు పంపిస్తే నేను లోపల మడత వదిలి కుడతాను. మీరూ ఒక జానెడు వదలండి. సరిపోతే సరే, చాలకపోతే విప్పుకోవచ్చు."

"రేకుకి మడతా! గౌననుకున్నావా?"

ఎగిరిపడ్డాడంటే ఎగిరిపడడా మరి? బ్యాటరీ బండికి బరువు పెరిగేకొద్దీ పోయే దూరం తగ్గుతుంది. కొండమీది పార్కు నూట అయిదు కిలోమీటర్లు, రానూపోనూ రెండొందల పది. దారిలో ఎక్కడా ఛార్జింగు లేదు. లోడుతో ఆ బండి ఎంత దూరం పోతుందో కంపెనీ నోరు విప్పి చెప్పదు. అందుకని బాబాయి కిలోల లెక్క మానేసి ప్రతిదాన్నీ కిలోమీటర్లలో తూచడం మొదలుపెట్టాడు. ఈ కడ్డీ రెండు కిలోమీటర్లు. ఈ గొళ్లెం వంద మీటర్లు, దీనికంటే సన్నది చూడాలి.

"మరి మీ పొట్ట ఎన్ని కిలోమీటర్లండీ?" అంది పిన్ని.

అది టీకొట్టుదాకా వినపడింది. వారం రోజులు వీధిలో ఆయనకి అదే పలకరింపు.

"నీ మడత నాలుగు కిలోమీటర్లు మింగుతుందే!" అని అరిచాడు బాబాయి.

"మింగనివ్వండి. అసలు బండికి ఎక్కని బాడీ ఎన్ని కిలోమీటర్లు పోతుంది?"

పోట్లాటలో ఓడిపోతే బాబాయి ఏం చేస్తాడు, మాట్లాడటం మానేస్తాడు. మూడు రోజులు మానేశాడు. నాలుగో రోజు రేకులన్నిటినీ రెండేసి ముక్కలుగా కోసి, ఒకదాని అంచు ఇంకోదాని లోపలికి దూరేలా అమర్చి, అతుకు వేయాల్సిన చోట బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. వెల్డింగు చేసే చేతికి బోల్టు బిగించడం ఎంత నామోషీయో ఆ పని తెలిసినవాళ్లనడగండి.

"జానెడంటే నీ జానా, నా జానా?" అన్నాడు అటు తిరిగే.

"మీదే. మనింట్లో అన్నీ పెద్దవి మీవేగా, కోపంతో సహా."

నవ్వు ఆపుకోలేక చేతిలో బోల్టు జారవిడిచాడు. షెడ్డుకి కళ వచ్చింది.

గురువారం పదింటికి బండి వచ్చింది. చప్పుడు లేకుండా రావడంతో షట్టరు ముందు ఆగేదాకా ఎవరికీ తెలియలేదు. తెలిశాక టీకొట్టు ఖాళీ అయిపోయింది. గ్రిల్లు నిజంగానే లేదు.

"చెప్పానా, గోడే" అన్నాడు బస్సు డ్రైవరు, అంతా తనే గీసినట్టు.

ఎవరి జోస్యం ఎంత ఫలించిందో చూసుకుంటూ అందరూ బండి చుట్టూ తిరుగుతున్నారు. అప్పుడు కేబిను తలుపు తెరుచుకుంది. బండి తెచ్చినతని కాళ్లు దిగాయి. దిగుతూనే ఉన్నాయి. ఆయన షట్టరు కింద తల వంచి లోపలికొచ్చి, "మంచినీళ్లున్నాయా అమ్మా?" అన్నాడు. పిన్ని సీసా ఇచ్చింది. ఆయన సీసా ఎత్తి తాగుతుంటే వెనక గోడ మీద ఫొటోలోనూ ఆయనే, అలాగే తాగుతున్నాడు.

బాబాయి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"బాబూ, నీ ఎత్తెంత?"

"ఆరడుగుల ఒక అంగుళం సార్."

పిన్ని ఫొటోని చూసింది, ఆయన్ని చూసింది. బాబాయి టేపు తీసి చట్రాన్ని కొలిచాడు. నమ్మలేక మళ్లీ కొలిచాడు. మూడు తీసేస్తే రెండుసార్లూ అదే లెక్క. ఏడడుగుల ఎనిమిదిన్నర.

"ఎనిమిదిన్నర అంగుళాలు చాల్లేదు" అని స్టూలు మీద కూలబడ్డాడు.

మొక్కలమ్మాయి మొహం వాడిపోయింది. "కంపెనీకి ఫోను చెయ్యనా బాబాయ్?"

"చెయ్యకు" అంది పిన్ని. బల్ల మీది పానా తీసి ఆయన చేతిలో పెట్టింది. "జానెడంటే ఎంత?"

బాబాయి తలెత్తాడు. "తొమ్మిది."

"మరి కూర్చున్నారేం? లేచి మడత విప్పండి!"

నలభై బోల్టులు. పొడుగాయన ఒక పక్క, పాలవ్యాను డ్రైవరు ఒక పక్క పట్టుకున్నారు. బస్సు డ్రైవరు పట్టుకోకుండా సలహాలిచ్చాడు. రేకు కిర్రుమంటూ జరిగి జరిగి చట్రం చివర సరిగ్గా ఆగింది. లోపల ఇంకా అర అంగుళం మిగిలింది. వెల్డింగుకి అది చాలు. ఇరవై రోజులుగా బోల్టులతో అవమానపడ్డ చెయ్యి కదా, ఆ అర అంగుళం మీద బాబాయి తనివితీరా వెల్డింగు చేశాడు. నిప్పురవ్వలు లేస్తుంటే వీధంతా ఈలలు, కేకలు. మొక్కలమ్మాయి పిన్నిని కావలించుకుని వదల్లేదు.

శనివారం తొమ్మిదొందల మొక్కలతో బండి కొండెక్కింది. తిరిగొచ్చేసరికి మీటరులో ఎన్ని కిలోమీటర్లు మిగులుతాయని టీకొట్టులో పొద్దుటి నుంచీ పందేలే పందేలు. దారిలోనే ఆగిపోతుందన్న బస్సు డ్రైవరుకి బాబాయి టీ దక్కనివ్వలేదు. సాయంత్రం అయిదింటికి బండి చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. కేబినులోకి ఆరు తలకాయలు దూరాయి.

"పదకొండు!" అని అరిచింది మొక్కలమ్మాయి. "బాబాయ్, ఇంకా పదకొండు ఉంది! ఒక్క మొక్క విరగలేదు!"

బుక్ చేసుకున్న ఎనిమిదిమందిలో అయిదుగురు అక్కడే ఉన్నారు. మాకూ మీరే కట్టాలని చుట్టూ మూగారు. అందులో ఒకాయన "మాకూ ఆ మడత వదిలే కట్టండి" అన్నాడు.

"కొలతలు తెలిసిపోయాక మడతెందుకయ్యా?"

"ఏమో, పిన్నిని అడిగి చెప్పండి."

పిన్ని అక్కడ లేదు. బండి వెనక్కి వెళ్లి నిలబడి ఉంది. బాబాయి వెళ్లి పక్కన నిలబడ్డాడు. వెనక తలుపు మీద ఎప్పటిలాగే ఆయన షెడ్డు బిళ్ల ఉంది. దాని పక్కన, శుక్రవారం ఆవిడ చూడకుండా కోసి బిగించిన, ఎర్ర రంగు వేసిన చిన్న రేకు కత్తెర.

"ఇదేంటండీ?"

"కనపడట్లేదా? కత్తెర."

"కనపడుతోంది. ఎన్ని కిలోమీటర్లు?"

"పావు."

"గొళ్లెం వంద మీటర్లని సన్నది వెతికిన మనిషి, దీనికి పావు కిలోమీటరు దండగ చేస్తారా?"

"దండగ కాదే" అన్నాడు బాబాయి. "ఇక నుంచి ఈ షెడ్డులోంచి పోయే ప్రతి బండికీ అదుంటుంది."

పిన్ని కొండ దారి దుమ్ము పట్టిన ఆ కత్తెరని చేత్తో తుడిచింది. దుమ్మంతా పోయాక కూడా ఇంకోసారి తుడిచింది.